బొమ్మరింటి గుమ్మం ఎత్తు ఎంత?

పోయిన దసరా సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, మెట్ల కింద గోనెసంచిలో చుట్టి పెట్టిన ఒక బొమ్మరిల్లు దొరికింది. ఊరు ఉద్దానంలో, పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. బొమ్మరిల్లు అంటే చిన్నప్పుడు ఇసకలో కట్టి సాయంత్రానికి తన్నేసి వచ్చేది కాదు. పనస చెక్కతో చేసిన ఇల్లు. 26 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల లోతు, రెండు గదులు, ముందు చిన్న వసారా, లోపల గదికి ఒక గుమ్మం. చెయ్యి పెట్టి ఆడుకోడానికి వీలుగా ముందు గోడ ఉండదు. అమ్మకి ఆరేళ్ళప్పుడు, అంటే 1986 ప్రాంతంలో, తాతయ్య అడిగితే ఊళ్ళో వడ్రంగి మిగిలిన చెక్కలతో చేసిచ్చాడట.

లోపల ఐదే వస్తువులు మిగిలాయి. నులక లేని మంచం, రెండు పీటలు, కింద రాయి లేని తిరగలి, ఒక ఎర్ర లక్క కడవ. మిగతావి ఏమయ్యాయని అడిగితే అమ్మ ఒకటే మాట అంది, "తిత్లీ". 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నాకు పన్నెండేళ్ళు. కొబ్బరి, జీడి, పనస చెట్లు వరసగా పడిపోవడం మన వైపు అందరికీ గుర్తే. అమ్మమ్మ పాతింటి కప్పు కూడా ఆ రోజే లేచిపోయింది. నానిన మట్టి గోడలు తర్వాత ఒక్కొక్కటీ కూలాయి. అటక మీదున్న బొమ్మరిల్లు నీళ్ళలో పడింది, ఇల్లు నిలిచింది, సామాన్లు కొట్టుకుపోయాయి.

దాన్ని మళ్ళీ సామాన్లతో నింపుదాం అనుకున్నాను. ఎలా నింపాలో, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నా. (ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు ఎడిటర్ అక్క దిద్దింది, మిగిలిన తప్పులు నావే.)

ప్రపంచంలో ఇది చాలా పెద్ద హాబీ. ఇంగ్లాండ్‌లో విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది. ఎడ్విన్ లట్యెన్స్, మన న్యూఢిల్లీ రాష్ట్రపతి భవన్ కట్టిన ఆయనే, దాన్ని డిజైన్ చేశాడు. 1921 నుంచి 1924 దాకా పట్టింది. అందులో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, స్విచ్ వేస్తే లైట్లు వెలుగుతాయి. నాకు దానికంటే నచ్చిన కథ జర్మనీది. బవేరియా పాలకుడు ఐదో ఆల్బ్రెక్ట్ 1558 నాటికి ఒక బొమ్మరిల్లు చేయించాడు. యూరప్‌లో మనకి తెలిసినవాటిలో మొదటిది అదే అంటారు. ఇప్పుడు అది లేదు, మ్యూనిక్ మంటల్లో పోయింది. కానీ 1598లో ఎవరో కూర్చుని ఆ ఇంట్లో ఏ గదిలో ఏముందో జాబితా రాశారు. ఆ జాబితా మిగిలింది కాబట్టే ఆ ఇంటి గురించి ఇవాళ మనకి తెలుసు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు పని. బొమ్మరింటికి సామాన్లు కొనేముందు తేలాల్సింది స్కేల్. సేకరించేవాళ్ళలో ఎక్కువగా నడిచేది 1:12. అసలు వస్తువు ఒక అడుగుంటే బొమ్మ ఒక అంగుళం. ఆరడుగుల మంచం ఆరు అంగుళాలు అవుతుంది. స్వీడన్ కంపెనీ లుండ్‌బీ సామాన్లు 1:18, ఇంకా చిన్నవి. బార్బీ సైజుకి చేసేవి సుమారు 1:6, చాలా పెద్దవి. ఒకే ఇంట్లో రెండు స్కేళ్ళు కలిస్తే ఎక్కడ తప్పుందో చెప్పలేం గానీ, చూడగానే ఏదో తేడా కొడుతుంది.

ఇంటి స్కేల్ తెలియకపోతే గుమ్మం కొలవాలని ఎక్కడ చదివినా ఉంటుంది. మామూలు తలుపు ఆరున్నర అడుగులు, అంటే 78 అంగుళాలు. దాన్ని బొమ్మరింటి గుమ్మం ఎత్తుతో భాగిస్తే స్కేల్ వచ్చేస్తుంది. మా బొమ్మరింటి గుమ్మం సరిగ్గా 5 అంగుళాలు. 78ని 5తో భాగిస్తే 15.6. అంటే 1:16కి దగ్గర. ఆ సైజులో ఏమీ దొరక్క, దగ్గరగా ఉంది కదాని ఆన్‌లైన్‌లో 1:18 "వింటేజ్" సెట్ ఒకటి ఆర్డర్ పెట్టాను. రెండు కుర్చీలు, స్నానాల తొట్టి, ఒక ఫైర్‌ప్లేస్ వచ్చాయి. ఉద్దానంలో ఫైర్‌ప్లేస్! మే నెలలో ఇక్కడ ఉండి చూడండి. అమ్మమ్మ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటే గుంటా, దేవుడి గూడా?" అంది. అంతకంటే మంచి ఉపయోగం నాకూ తోచలేదు.

కుర్చీలు మంచం పక్కన పెడితే అంగన్‌వాడీ కుర్చీల్లా కనిపించాయి. అప్పుడు అనుమానం వచ్చి మంచం కొలిచాను. ఆరు అంగుళాల పొడవు. నా 15.6 లెక్క నిజమైతే అసలు మంచం దాదాపు ఏడడుగుల పది అంగుళాలు ఉండాలి. మా తాతయ్య అంత పొడగరి కాదు. లెక్కలో తప్పు లేదు, ఇన్‌పుట్‌లో ఉంది. ఆరున్నర అడుగుల గుమ్మం ఎవరింట్లో ఉంది? అపార్ట్‌మెంట్‌లో ఉంది, కేటలాగ్‌లో ఉంది. మన పాత మట్టిళ్ళలోకి తల వంచుకుని వెళ్ళాలి. వంచకపోతే నుదురు బొప్పి కడుతుంది, అదే మనకి కాలింగ్ బెల్.

పాతింటి ద్వారబంధం తుఫాను తర్వాత పారేయలేదు, కొబ్బరితోటలో పాక గోడకి ఆనించి ఉంది. టేపు పట్టుకెళ్ళి కొలిచాను. ఐదడుగుల ఒక అంగుళం. పాతింటి పునాది మీద ఇప్పుడు వంగ మొక్కలు ఉన్నాయి, అదీ కొలిచాను, వెడల్పు ఇరవై ఐదున్నర అడుగులు. బొమ్మరిల్లు వెడల్పు 26 అంగుళాలు. నేను కాసేపు ఆ వంగ మొక్కల మధ్యే నిలబడిపోయాను. ఆ వడ్రంగి ఊహించి ఏదో ఒక ఇల్లు చెయ్యలేదు. ఎదురుగా ఉన్న ఇంటినే అడుగుకి అంగుళం చొప్పున చేశాడు. 1:12 అనే మాట ఆయన విని ఉండడు. అడుగుల బద్దకి అంగుళాల బద్ద వాడాడు, అంతే.

దీంతో నా ప్రశ్న మారిపోయింది. అప్పటిదాకా "ఈ ఇంట్లో ఏం పెడితే బాగుంటుంది" అని చూస్తున్నాను. ఇప్పుడు "ఆ ఇంట్లో ఏముండేది" అని అడగాలి. పాతింటికి ఒక్క ఫొటో లేదు. ఆల్బమ్‌లో ఉన్నవన్నీ పెళ్ళి ఫొటోలే, వెనక షామియానా తప్ప ఇల్లు కనపడదు. తెలిసిన మనిషి అమ్మమ్మ.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మమ్మకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. సెలవుల్లో తోడు నేనే వెళ్ళాను. ఆ నాలుగు గంటలు ఆవిడ చెప్తుంటే ఫోన్‌లో షీట్ తెరిచి వస్తువు పేరు, ఏ గది, ఏ గోడ వైపు, ఎంత ఎత్తు అని కాలమ్స్ పెట్టుకుని టైప్ చేశాను. ఎత్తు ఆవిడ అంగుళాల్లో చెప్పదు. "నా మోకాలు దాకా", "నాను కూకుంటే బుజం దాకా" అంటుంది. ఇంటికొచ్చాక మోకాలు, భుజం కొలిచి నేను అంగుళాల్లోకి మార్చాను. మ్యూనిక్‌లో జాబితా రాసినాయనకి ఈ సౌకర్యం ఉండి ఉండదు.

మొత్తం 23 వరసలు వచ్చాయి. రోలు, రోకలి, చేట, జల్లెడ, కత్తిపీట, ఉట్టి, లాంతరు, ధాన్యం గాదె, నీళ్ళ బాన, ఊయల, కావిడి, ఇలాంటివి. వీటిలో కొనగలిగేవి ఏవో, చేసుకోవాల్సినవి ఏవో విడదీయడం తర్వాతి పని.

కొనడం అంటే మనకి మొదట గుర్తొచ్చేవి ఏటికొప్పాక లక్కపిడతలు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం కూడా ఈ బొమ్మలదే. తయారీ ఎలాగంటే, మెత్తటి అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఆకారం తెస్తారు. లక్కలో రంగు కలిపి పుల్లలా చేసి, తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపు రంగుకి పసుపు, నీలానికి నీలిమందు, ఎరుపు, నారింజ ఛాయలకి జాఫరా గింజలు. ఆఖర్న మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. మన తీరంలో ఇసక దిబ్బల మీద గీసుకుపోయే ముళ్ళ మొగలి పొదలే అవి. బ్రష్ ఎక్కడా వాడరు. అందుకే మంచి లక్కపిడత మీద బ్రష్ చారలు ఉండవు, కర్ర చుట్టూ తిరిగే సన్నటి వలయాలు ఉంటాయి. పాతదా కొత్తదా అని కాదుగానీ, లక్కదా పెయింటుదా అని చెప్పడానికి నేను చూసేది అదే.

లక్క ఆల్కహాల్‌లో కరుగుతుందని ఇంటర్‌లో ఎవరూ నాకు చెప్పలేదు. లేదా చెప్పారు, నేను వినలేదు. ఎర్ర కడవ మీద మట్టి పోవాలని శానిటైజర్‌లో దూది ముంచి తుడిచాను. రెండో రుద్దుకి దూది ఎర్రగా అయిపోయింది. నలభై ఏళ్ళ రంగు, ఒక పెసరగింజంత మేర పోయింది. అమ్మ ఏమీ అనలేదు, అందుకే ఎక్కువ బాధేసింది. కాబట్టి లక్క వస్తువుని పొడి మెత్తటి గుడ్డతోనే తుడవండి. మరీ మురికైతే గుడ్డని కొద్దిగా తడిపి, వెంటనే పొడిగా తుడిచేయండి. ఎండలో, కారు డాష్‌బోర్డ్ మీద పెట్టకండి, వేడికి లక్క మెత్తబడుతుంది.

లక్కపిడతలతో ఇంకో చిక్కు స్కేల్. మా కడవ ఎత్తు రెండున్నర అంగుళాలు. 1:12లో అది రెండున్నర అడుగుల కడవ అవుతుంది, ఎత్తుకోడానికి ఇద్దరు కావాలి. నిజం కడవ అడుగుంపావు ఉంటుందనుకున్నా బొమ్మ అంగుళంపావుకి మించకూడదు. మొదట దీన్ని తప్పు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, లక్కపిడతలు ఏ స్కేల్‌కీ చేసినవి కావు. వాటి కొలత పిల్ల చెయ్యి. గుజ్జనగూళ్ళు ఆడుకునే పిల్ల గుప్పిట్లో రోలు ఎంత ఇముడుతుందో కడవా అంతే ఇమడాలి, అందుకే సెట్‌లో అన్నీ దాదాపు ఒకే సైజు. యూరప్ మినియేచర్ కంటితో చూసేది, లక్కపిడత చేత్తో ఆడేది. బొమ్మల కొలువు చూడండి, పక్కపక్కనే ఉన్న రాజుకీ ఏనుక్కీ సైజులో పొంతన ఉండదు, ఎవరూ అడగరు కూడా.

మరి ఆ కడవని ఏం చెయ్యాలి? స్కేల్ ప్రకారం తీసెయ్యాలి. నేను తియ్యలేదు. అది మొదటినుంచీ ఆ ఇంట్లో ఉన్న వస్తువు. నా రూల్ ఏంటంటే, పాత వస్తువు స్కేల్ తప్పినా సరే దాని చోట అది ఉంటుంది, కొత్తగా తెచ్చేది మాత్రం 1:12 దాటకూడదు. ఈ రూల్‌తో ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. ఇన్‌స్టాలో ఒకరితో పెద్ద వాదన కూడా అయింది. (రంగు పోయిన వైపు గోడకి తిప్పి పెట్టానని ఒప్పుకుంటున్నా.)

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి రెండు ముక్కలు. "వింటేజ్" అని రాస్తే నమ్మకండి. పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టి ఫొటో పంపమనండి, బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు కాబట్టి మీరే కొలుచుకోవచ్చు. అడుగు భాగం ఫొటో కూడా అడగండి. నిజంగా పాతదైతే అరుగుదల చేతులు తగిలే చోట, నేలకి ఆనే చోట ఉంటుంది. అన్నివైపులా సమానంగా అరిగిందంటే ఎవరో ఉప్పుకాగితంతో రుద్దారు.

షాపులో దొరకనివి చేసుకోవాలి. అక్కడ నాకు ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తొచ్చింది. సీఎస్‌ఈ వాళ్ళకి కార్పెంటరీ ఎందుకు అని తిట్టుకుంటూ హాఫ్ ల్యాప్ జాయింట్ చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అదే జాయింట్‌తో కత్తిపీట చెక్క, గాదె చట్రం చేశాను. రికార్డ్‌లో వచ్చిన మార్కుల కంటే ఇది బాగా కుదిరింది. కొబ్బరి ఈనెలతో చేట అల్లాను. ఉట్టికి కుట్టు దారం.

చిన్నది చేస్తే అన్నీ ఒకే లెక్కన చిన్నవి కావు, ఇది చేతులు కాలాక తెలిసింది. పొడవు 12 వంతుల్లో ఒకటైతే బరువు 12 ఘనం, అంటే 1728 వంతుల్లో ఒకటి. 20 కిలోల రోలు అదే రాయితో చేస్తే పన్నెండు గ్రాములు కూడా ఉండదు. అందుకే బొమ్మ సామాను చెయ్యి తగిలితే చాలు పడిపోతుంది, అడుగున చిన్న సీసం ముక్కో, మైనమో పెట్టాలి. గుడ్డ ఇంకా మొండిది. మామూలు నూలు గుడ్డని బొమ్మ మంచం మీద వేస్తే దుప్పటిలా వాలదు, అట్టలా నిలబడుతుంది. బాగా ఉతికి అరిగిన చేతిరుమాలుని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, మంచం మీదే మడతలు సర్ది ఆరబెడితే వాలినట్టు కనిపిస్తుంది. నులకకి కూడా అంతే. అసలు నులక 6 మిల్లీమీటర్ల మందం అనుకుంటే బొమ్మకి అర మిల్లీమీటర్ కావాలి. పురికొస వాడితే మంచానికి మోకు కట్టినట్టుంది. చివరికి కుట్టు దారం రెండు పేటలు పురిపెట్టాను. అల్లిక అమ్మమ్మే చూపించింది, డయాలసిస్ లేని రోజు, వసారాలో కూర్చుని.

జాబితాలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది పదిహేడో వరస. జీడిపిక్కలు కొట్టే రాయీ, చిన్న కర్రా. పలాస జీడిపప్పు అంటే అందరికీ తెలుసు. పిక్క కొట్టినప్పుడు కారే జీడి నూనె చేతికి అంటితే చర్మం ఎలా ఊడుతుందో కొట్టినవాళ్ళకే తెలుసు. అమ్మమ్మ వసారాలో కూర్చుని కొట్టేదట. ప్రపంచంలో ఏ మినియేచర్ కంపెనీ కూడా ఇది అమ్మదు. టీపాట్లు వంద రకాలు అమ్ముతారు. బీచ్‌లో ఏరిన గులకరాయి, అగ్గిపుల్ల చివర ఎం-సీల్, అయిపోయింది. చూపిస్తే, "మసి ఏదే? పిక్కలు కాల్సినాకే కదా కొడతాం, రాయి నల్లగుండాల" అంది. దీపం మసి పట్టించాను.

అమర్చడంలో కూడా ఆవిడ మాటే చెల్లింది. మంచం నేను కిటికీ వైపు పెడితే, "అలాగ కాదే, ఊడిసినప్పుడు అడ్డం, గోడకి జరుపు" అంది. లోపలి గదిలో ఈశాన్యం మూల పెద్ద ఖాళీ కనిపించింది. షీట్‌లో ఆ మూలకి ఏమీ రాయలేదు, మర్చిపోయిందేమో అనుకుని అక్కడికి భోషాణం ఒకటి చేయడం మొదలుపెట్టాను. కొలతలు కూడా గీశాను. అడిగితే కళ్ళు మూసుకునే చెప్పింది. "ఆ మూల ఏటీ నేదు. వానొస్తే అక్కడే కారేది. గిన్నె పెట్టేవాళ్ళం."

భోషాణం ఆపేశాను. షీట్‌లో ఇరవై నాలుగో వరస కలిపాను: గిన్నె, లోపలి గది, ఈశాన్యం మూల, నేల మీద, వానాకాలం మాత్రమే. మన జిల్లాలోనే సారవకోట మండలంలో ఉన్న బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, అక్కడ చిన్న గిన్నె ఏదైనా దొరుకుతుందేమో చూద్దామనుకున్నాను. అమ్మమ్మ నవ్వింది. కారే నీళ్ళకి ఇత్తడి గిన్నె ఎవరు పెడతారు, అది సొట్టలు పడిన సత్తు గిన్నె అట. కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి, పెన్ను వెనక భాగంతో నొక్కి సొట్టలు పెట్టాను.

ఇప్పటికి 24లో 15 అయ్యాయి. వానాకాలం కాదు కాబట్టి గిన్నె ప్రస్తుతం పొయ్యి పక్కన ఉంది. ఊయల చెక్క ఎండుతోంది. తిరగలి కింద రాయి మాత్రం ఇంకా తేలలేదు, పై రాయి మెత్తటి బూడిద రంగు రాయి, దానికి జోడీ కుదరడం లేదు. టెక్కలి వైపు గ్రానైట్ ముక్కలు దొరుకుతాయి గానీ అవి మరీ గట్టి, నా దగ్గరున్న ఆకురాయికి లొంగలేదు. హాస్టల్లో ఎవరి దగ్గరైనా మెత్తగా ఉండే బూడిద రంగు రాయి ఉంటే, అంగుళంన్నర అడ్డం చాలు, చెప్పండి. వచ్చే శనివారం ఊరు వెళ్తున్నాను.